ఓడలు వెళ్ళిపోయిన తీరం

విశాఖపట్నం నుండి సముద్రపుటొడ్డు వెంబడి ఉత్తరదిశగా సాగే రహదారి కైలాసగిరి, ఋషికొండ, తొట్లకొండల పక్కగా పోయి, 25, 30 కిలోమీటర్ల దూరాన, గోస్తనీనది సాగరంలో కలిసేచోట భీమునిపట్నం చేరుతుంది. కాగితాల మీద భీమునిపట్నం. జనుల నోట భీమిలి. పాండవులలో రెండవవాడైన భీమసేనుడు బకాసురుని ఇక్కడే సంహరించాడనీ, అందువలననే ఈ పేరు వచ్చిందనీ స్థలపురాణం. సెలవుదినాలలో నగరం నుండి కుటుంబాలతో వచ్చేవారికి ఇక్కడ విశాలమైన ఇసుకతీరం, పాత దీపస్తంభం, పెంకుటిళ్ళ వీధులు, అన్నిటికీ మించి నగరంలో దొరకని ప్రశాంతత కనిపిస్తాయి. ఆ ప్రశాంతత భీమిలికి పుట్టుకతోనే వచ్చిందని వారు భావించడం సహజం. చరిత్ర చెప్పేది వేరు. ఈ ఊరు ఒకనాడు ఆంధ్రతీరంలో మిక్కిలి సందడి గల రేవులలో ఒకటి. రైలు ఈ దారి పట్టనందువలన, ఓడలు రావడం మానినందువలన ఇక్కడ నిశ్శబ్దం ఏర్పడింది. ఆ నిశ్శబ్దం కోసమే నేడు జనం వస్తున్నారు. వచ్చేవారు పెరిగినకొద్దీ అది తరిగిపోతున్నది.

సముద్రతీరం విహారస్థలమన్న భావన ఏ దేశంలోనూ మిక్కిలి ప్రాచీనమైనది కాదు. తెలుగునాట పూర్వులకు సముద్రుడు దేవుడు. మాఘపూర్ణిమ, కార్తికపూర్ణిమ, గ్రహణకాలం వంటి పర్వదినాలలో తప్ప సాగరాన్ని తాకరాదని పెద్దలు చెప్పేవారు. స్నానం చేసినవారు నమస్కరించి మరలిపోయేవారే గాని, గాలి కోసం ఇసుకమీద కూర్చుండిపోయే అలవాటు ఉండేది కాదు. ఒడ్డున నివసించే జాలరులకు సముద్రం పొలం వంటిది. పొలానికి షికారు వెళ్ళే రైతు ఎక్కడ ఉంటాడు?

ఇంగ్లండులో సైతం 18వ శతాబ్దానికి పూర్వం స్థితి ఇంచుమించు ఇదే. 1750లో రిచర్డ్ రస్సెల్ అనే వైద్యుడు సముద్రజలం గ్రంథివ్యాధులను నయం చేస్తుందని లాటిన్ భాషలో ఒక గ్రంథం ప్రకటించాడు. ఉప్పునీటిలో మునగమనడమే కాదు, దానిని త్రాగమని కూడ ఆయన సలహా! ధనవంతులైన రోగులు ఆయన వెంట బ్రైటన్ అనే చేపల పల్లెకు తరలివచ్చారు. రోగుల వెనుక వారి బంధువులు, వారి వెనుక రాజకుమారుడు, 1841లో రైలుమార్గం ఏర్పడిన పిదప లండను నగరపు సామాన్య జనమూ వచ్చారు. పల్లె పట్టణమయింది. ఈ కథలో ఒక చిన్న సంగతిని గుర్తుంచుకోవాలి. ఆ ఊరి నడుమ ఒక పచ్చిక మైదానం ఉండేది. తరతరాలుగా జాలరులు అక్కడ వలలు ఆరవేసుకొనేవారు. వలలు కాళ్ళకు తగులుతున్నాయని షికారుకు వచ్చిన పెద్దమనుషులకు అసౌకర్యం కలిగింది. కొంతకాలానికి మైదానం చుట్టూ కంచె లేచింది. వలలకు అక్కడ చోటు లేకపోయింది. విహారపట్టణం పుట్టిన ప్రతి చోటా ఏదో ఒక రూపంలో ఈ కంచె కూడ పుట్టింది.

భీమిలి పుట్టుక మాత్రం విహారం కోసం కాదు. ఊరికి ఎగువన ఉన్న పావురాలకొండమీద బౌద్ధవిహారపు శిథిలాలు, వాననీటిని నిలువ చేయడానికి రాతిలో తొలిచిన తొట్లు నేటికీ ఉన్నాయి. దారిలోని తొట్లకొండకు ఆ పేరే అటువంటి తొట్ల వలన వచ్చింది. 1988-1993 సంవత్సరాల నడుమ అక్కడ జరిగిన త్రవ్వకాలలో శాతవాహనుల నాణేలతో పాటు రోమను వెండినాణేలు కూడ లభించాయి. కొండమీద ధ్యానం చేసే భిక్షువులకు, దిగువన లంగరు వేసే వర్తకులకు సంబంధం ఉండేదని ఆ నాణేలు చెబుతున్నాయి. రెండువేల ఏండ్ల క్రితమే ఈ తీరానికి పరదేశపు ఓడల పరిచయం ఉన్నదన్నమాట.

17వ శతాబ్దంలో డచ్చివారు వచ్చారు. తెలుగు నేతగాండ్ర బట్టలు తూర్పుదీవులలో మంచి ధరకు పోయేవి. ఆ బట్టల కోసం వారు ఇక్కడ వర్తకస్థావరం ఏర్పరచుకొన్నారు. ఎండకు, జ్వరాలకు, సముద్రప్రమాదాలకు లోనై తిరిగి స్వదేశం చూడని వారి సమాధులు సముద్రానికి సమీపాన ఉన్నాయి. కోసుగా పైకి లేచిన కట్టడాలు, రాతిమీద చెక్కిన డచ్చి అక్షరాలు చూచినప్పుడు వర్తకానికి మనుష్యులు చెల్లించిన మూల్యం గోచరిస్తుంది. 1754లో మరాఠా దండు ఈ స్థావరాన్ని దోచుకొన్నది. ఐరోపాలో యుద్ధం వచ్చినప్పుడెల్ల ఇక్కడ జెండా మారేది. చివరకు 1825లో భీమిలి ఆంగ్లేయుల వశమయింది. డచ్చివారు వదలివెళ్ళిన తరువాతనే రేవు అసలైన ఉన్నతదశకు చేరుకొన్నదని చెప్పవచ్చు.

రేవు అంటే నేటి ఓడరేవును ఊహించుకోరాదు. భీమిలిలో ఓడను ఒడ్డుకు చేర్చే లోతు లేదు, కట్టలు లేవు. ఓడలు నడిసముద్రంలోనే లంగరు వేసేవి. ఒడ్డుకూ ఓడకూ నడుమ విరుచుకుపడే కెరటాలను దాటడానికి మసూలా పడవలు ఉండేవి. ఆ పడవలలో మేకు అన్నది ఉండదు. పలకలను కొబ్బరితాడుతో కుట్టేవారు. కెరటం తాకినప్పుడు మేకులు కొట్టిన పడవ పగిలిపోతుంది; కుట్టిన పడవ వంగి, ఆ దెబ్బను ఓర్చుకొంటుంది. ఆ పడవలను నడిపినవారు జాలరులు. బస్తా అయినా, దొర అయినా, దొరసాని అయినా వారి భుజబలం మీదనే ఓడ ఎక్కవలసి ఉండేది. భీమిలి సంపదను మోసినవారు వీరేనన్న సంగతి చరిత్ర గ్రంథాలలో అరుదుగా కనిపిస్తుంది.

ఆ రేవునుండి ఏమి పోయేవి? నువ్వులు, నూనెగింజలు, నీలిమందు, బెల్లం. వీటిని మించి రెండు సరకులు ఊరి పేరును దేశాంతరాలకు తీసుకొనిపోయాయి. ఒకటి గోగునార. ఆకును గోంగూర పేరిట పచ్చడి చేసుకొనే తెలుగువారికి ఆ మొక్కను పరిచయం చేయనక్కరలేదు. దాని కాండం నుండి తీసిన నారను ప్రపంచవిపణిలో ‘బిమ్లీపటం జనుము’ అని వ్యవహరించారు. వ్యాపార నిఘంటువులలో ఆ పేరు ఇంకా ఉన్నది. రెండవది కరక్కాయ. తోళ్ళు పదును చేయడానికి ఐరోపా కర్మాగారాలు దీనిని కొనేవి. ఒక రకానికి ‘బిమ్లీలు’ అని పేరు. మన్యంలో గిరిజనులు ఏరిన కాయ, బండ్లమీద కనుమలు దిగి, మసూలా పడవ ఎక్కి, భీమిలి పేరు పెట్టుకొని సముద్రాలు దాటింది. వీటితోపాటు మనుష్యులు కూడ వెళ్ళారు. పంట చేతికి రాని సంవత్సరాలలో ఉత్తరాంధ్ర కూలీలు ఈ రేవులోనే పొగఓడ ఎక్కి రంగూనుకు పోయేవారు. 1861లోనే ఇక్కడ పురపాలక సంఘం ఏర్పడిందంటే ఊరి ప్రాముఖ్యం తెలుస్తుంది. అప్పటికి రాష్ట్రంలోని పెద్ద నగరాలలో అనేకం ఆ స్థితికి రాలేదు.

పతనానికి కారణం శత్రువు కాదు, ఉప్పెన కాదు. 1893లో విజయనగరం మీదుగా వాల్తేరుకు రైలుమార్గం వచ్చింది. అది సముద్రానికి దూరంగా లోపలి దారిన పోయింది. భీమిలికి నేటికీ రైలు లేదు. బండ్లమీద రేవుకు వచ్చే సరకు క్రమంగా రైలెక్కింది. 1933లో విశాఖపట్నంలో కొత్త ఓడరేవు ప్రారంభమయింది. కొండ చాటున, లోతైన నీటిలో, ఓడ తిన్నగా కట్టను ఆనుకొని నిలిచే ఏర్పాటు ఉన్నప్పుడు, కెరటాల నడుమ పడవలపై బస్తాలు మోయించే రేవును ఎవరు కోరుకొంటారు? 1942లో రంగూను జపాను వశం కావడంతో ఆ ప్రయాణాలూ ముగిశాయి. గిడ్డంగులు ఖాళీ అయ్యాయి. వర్తకులు వలసపోయారు. పెద్ద ఇళ్ళలో ముసలివారు మిగిలారు.

అప్పుడు మొదలయింది భీమిలి రెండవ జీవితం. ఆంగ్లేయ అధికారులు అంతకుముందే వాల్తేరు మెట్టను ఆరోగ్యస్థానంగా భావించి అక్కడ గాలి మార్పుకు వచ్చేవారు. ఆ అలవాటు దేశీయ ఉద్యోగులకు, జమీందారులకు, తరువాత మధ్యతరగతి వారికి సంక్రమించింది. వర్తకం లేని భీమిలిలో ఇళ్ళు చౌక, గాలి మంచిది, రద్దీ లేదు. పింఛను పుచ్చుకొన్నవారు, గ్రంథాలు చదువుకొనేవారు, నగరజీవితంతో విసిగినవారు ఇటు వచ్చారు. దరిద్రం కూడ దూరంనుండి చూచేవారికి ప్రశాంతతగా కనిపిస్తుందనడానికి భీమిలి ఉదాహరణ. పని పోయి ఖాళీగా కూర్చున్న పడవవాడు ఆ చిత్రంలో ఒక అందమైన భాగమైపోయాడు.

ఇది భీమిలి ఒక్కదాని కథ కాదు. అదే తీరంలో ఉత్తరాన, నేటి ఒడిశాలో, బరంపురానికి 16 కిలోమీటర్ల దూరాన గోపాలపూర్ ఉన్నది. 1936 వరకు ఆ గంజాం జిల్లా కూడ చెన్నరాజధానిలోనిదే. అక్కడినుండి కూడ రంగూనుకు ఓడలు పోయేవి. అక్కడి రేవు కూడ మూతపడింది. రేవు స్థానంలో అక్కడ కూడ విహారం వచ్చింది. 1914లోనే ఒక ఇటలీ దేశస్థుడు ఆ ఒడ్డున హోటలు కట్టాడు. కెరటాలలో దిగే యాత్రికుల చేయి పట్టుకొని కాపాడే నోళియాలు అక్కడ ప్రసిద్ధులు. వారు తెలుగు మాట్లాడే జాలరులు. ఒకనాడు వర్తకుల సరకును కెరటాలు దాటించిన వంశాల వారే, ఈనాడు యాత్రికుని మోకాలిలోతు నీటిలో నిలబెట్టి బహుమానం కోసం చేయి చాపుతున్నారు. ఈ మార్పును అభివృద్ధి అనాలా, కాదా అన్నది ఆ చేయి చాపినవానిని అడగవలసిన ప్రశ్న.

భీమిలి మూడవ జీవితం నగరంతో వచ్చింది. విశాఖ పెరిగింది, తీరరహదారి వెడల్పయింది, రహదారి పొడవునా హోటళ్ళు, విద్యాసంస్థలు, అంతస్తుల భవనాలు లేచాయి. 1861లో పుట్టిన పురపాలక సంఘం నేడు లేదు. భీమిలి విశాఖ మహానగరపాలక సంస్థలో కలిసిపోయింది. పాలనాసౌకర్యం దృష్ట్యా ఇది సమంజసమే కావచ్చు. కాని తన వీధిదీపం గురించి, తన శ్మశానం గురించి, తన ఇసుక గురించి నిర్ణయించుకొనే సభ ఒకటిన్నర శతాబ్దం పాటు ఊరిలోనే ఉండేది. ఇప్పుడు ఆ నిర్ణయాలు నగరంలో జరుగుతాయి. నగరానికి భీమిలి ఒక ఊరు కాదు. సాయంకాలం వెళ్ళివచ్చే చోటు.

ఊరికి ముందు దారిపక్కన కనిపించే ఎర్రమట్టి దిబ్బల సంగతి చూడవచ్చు. హిమయుగంలో సముద్రం నేటికంటె చాల వెనుకకు పోయి ఉన్నప్పుడు, బయటపడిన ఇసుకను గాలి తీరానికి తెచ్చి పోసింది. వేల సంవత్సరాల కాలంలో ఆ ఇసుకరేణువులకు ఇనుపతుప్పు పట్టి ఎర్రబారింది. వాన వాటిని కోసి లోయలుగా మలచింది. దక్షిణాసియాలో ఇటువంటి నిక్షేపాలు తమిళనాడులోను, సింహళంలోను తప్ప తీరాన కనిపించడం అరుదు. పూర్వపు సముద్రమట్టాలను, వాతావరణాన్ని చదువుకోవడానికి శాస్త్రజ్ఞులకు ఇవి గ్రంథాలయం. అయినను సినిమా చిత్రీకరణలకు, వాహనాల ఆటలకు, ఇళ్ళస్థలాలకు ఇవి ఉత్త ఖాళీ నేలగానే కనిపించాయి. 2024లో దిబ్బల వద్ద యంత్రాలతో నేల చదును చేయడం రాష్ట్రమంతటా చర్చకు వచ్చింది. 2025 సెప్టెంబరులో ఇవి తిరుమల కొండలతో పాటు యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలో చేరాయి. జాబితాలో చేరడం గౌరవమే. ఆ గౌరవం వలన చూడవచ్చేవారి సంఖ్య పెరిగి, వారి అడుగులకే దిబ్బలు కరిగిపోకుండ చూడడం వేరే పని. మెత్తని ఆ మట్టిలో ఒక బాట పడితే, మరుసటి వానకు అదే కాలువ అవుతుంది.

ఒడ్డు విషయం ఇంతకంటె సున్నితమైనది. 1991లో కేంద్రప్రభుత్వం తీరప్రాంత నియంత్రణ ప్రకటన వెలువరించి, పోటుగీత నుండి 500 మీటర్ల వరకు నిర్మాణాలకు పరిమితులు విధించింది. 2019 ప్రకటనలో జనసాంద్రత అధికంగా ఉన్న గ్రామీణ తీరాలలో నిర్మాణరహిత ప్రాంతాన్ని 200 మీటర్ల నుండి 50 మీటర్లకు తగ్గించారు. తీరవాసులకు ఇళ్ళు కట్టుకొనే వీలు కలగాలన్నది చెప్పిన కారణాలలో ఒకటి. వాస్తవంలో 50 మీటర్ల ఆవల నేల కొనగలిగిన స్తోమత ఎవరికి ఉన్నదో ఊహించడం కష్టం కాదు. భీమిలి తీరంలోనే నిబంధనలకు విరుద్ధంగా లేచిన కాంక్రీటు గోడను తొలగించవలసినదిగా 2024లో రాష్ట్ర ఉన్నత న్యాయస్థానం ఆదేశించవలసి వచ్చింది. చట్టం లేకపోవడం కాదు, చట్టాన్ని గుర్తుచేయడానికి ప్రతిసారి న్యాయస్థానం దాక పోవలసి రావడం ఇక్కడి చిక్కు.

ఇసుకతీరం చూచేవారికి ఖాళీగా ఉంటుంది. జాలరికి అందులో ఖాళీ లేదు. ఒకచోట తెప్పలు ఎక్కిస్తారు, ఒకచోట వల లాగుతారు, మరొకచోట వలలు బాగుచేస్తారు, ఇంకొకచోట ఆడవారు చేపలు ఎండబెడతారు. గట్టునుండి పెద్దవల లాగడానికి రెండు జట్ల మనుష్యులు నిలబడే నిడివి కావాలి. వీటిలో దేనికీ పట్టా లేదు, కంచె లేదు. అనుభవమే హక్కు. నడకబాట, బెంచీలు, ఫలహారశాలలు, వాహనాలు నిలుపుకొనే స్థలం ఒక్కొక్కటిగా వచ్చినప్పుడు దేనికీ అభ్యంతరం చెప్పనక్కరలేదనిపిస్తుంది. అన్నీ వచ్చిన తరువాత పడవ ఎక్కించే చోటు ఉండదు. చేపల వాసన పర్యాటకులకు సరిపడదని ఎవరో ఒకరు అర్జీ పెడతారు. బ్రైటనులో పచ్చిక మైదానానికి పట్టిన గతి ఇదే.

మరపడవలకు తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు వేటనిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలం గనుక అది అవసరమే. సరిగ్గా ఆ రెండు నెలలే వేసవి సెలవులు. ఒడ్డున యాత్రికుల రద్దీ. ఒకరికి పని లేని కాలం మరొకరికి విహారకాలం కావడంలో ఒక అవకాశం కూడ ఉన్నది. ఆ రెండు నెలలు తీరాన జరిగే వ్యాపారంలో, ప్రాణరక్షక ఉద్యోగాలలో, పడవ షికార్లలో జాలరి యువకులకు మొదటి హక్కు కల్పించడం అసాధ్యం కాదు. కెరటాన్ని చదవడంలో వారికి సాటి వచ్చేవారు ఎవరు?

పర్యాటకం వద్దనడం ఈ వాదం సారం కాదు. రేవు పోయిన ఊరికి జీవనాధారం కావాలి. జీడిపప్పు అమ్మే స్త్రీకి, ఆటో నడిపే యువకునికి, చిన్న భోజనశాల పెట్టుకొన్నవానికి సెలవుదినాల రద్దీ కూడు పెడుతున్నది. దానిని తృణీకరించే అధికారం దూరాన కూర్చుండి ప్రకృతిసౌందర్యాన్ని వర్ణించేవారికి లేదు. పాత భీమిలి అట్లే ఉండిపోవాలని కోరడం కూడ ఒక విధమైన స్వార్థమే. తన విశ్రాంతి కోసం మరొక ఊరు పేదగా ఉండాలనడం అది. అడగవలసినది లెక్క. తీరం వలన వచ్చే ఆదాయంలో ఊరికి ఎంత మిగులుతున్నది? ఎత్తైన హోటలు గదిలో ఉన్నవానికి సముద్రం కనిపించడానికి ఎవరి ఇంటికి సముద్రం కనిపించకుండ పోయింది?

సముద్రం సైతం ఈ లెక్కలో ఒక పక్షమే. విశాఖ ఓడరేవు కట్టడాల వలన ఉత్తరదిశగా కదిలే ఇసుక నిలిచిపోయి నగరపు తీరం కోతకు లోనవుతున్నది. పూడిక తీసిన ఇసుకను తెచ్చి పోస్తే తప్ప అక్కడ ఒడ్డు నిలవడం లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ వద్ద తీరం దాటినప్పుడు సముద్రానికి సమీపాన కట్టిన వాటి గతి ఏమిటో అందరూ చూచారు. కుట్టిన పడవ కెరటానికి వంగేది. కాంక్రీటు గోడ వంగదు.

భీమిలి విషయంలో చేయదగిన పనులు పెద్దవి కావు. పడవలు ఎక్కించే చోటు, వల లాగే నిడివి, చేపలు ఎండబెట్టే స్థలం ఎక్కడెక్కడ ఉన్నవో జాలరి పెద్దలను వెంటబెట్టుకొని కొలిచి, పర్యాటక పటం గీయకముందే ఆ పటంలో గుర్తించాలి. దిబ్బలలో నడిచే దారి ఒక్కటే ఉండాలి. డచ్చి సమాధుల దగ్గర ఎవరు ఎందుకు వచ్చారో తెలుగులో వ్రాసి పెట్టాలి. దాని పక్కనే మసూలా పడవ నమూనా ఒకటి ఉంచి, దానిని నడిపినవారి గురించి కూడ వ్రాయాలి. గోగు, కరక్కాయ అన్న రెండు మాటలు ఆ పలకమీద ఉంటే, దూరం నుండి వచ్చిన విద్యార్థికి ఊరి పేరు ఎంత దూరం పోయిందో తెలుస్తుంది.

తెల్లవారుజామున, యాత్రికులు రాకముందు, ఆ ఒడ్డున పడవలు ఇంకా దిగుతున్నాయి. బుట్టలు తలకెత్తుకొన్న స్త్రీలు చేపల ధర తేల్చుకొనే వేళకు ఎండ బెంచీల మీదకు వస్తుంది. తడిసిన వలలు కొన్ని ఆ బెంచీల మీదనే ఆరుతుంటాయి.